పచ్చబడుతున్న పాము

మబ్బుకాలం, 9వ రోజు. నీళ్ళు 412 బిందెలు.

ఈ పొద్దున పాము ఆలస్యంగా ఊపిరి పీల్చింది. తెల్లవారుతూండగా మబ్బు కొండెక్కి దాని ఒంటిని తాకుతుంది. లోపలి దేవదారు చెక్క తడి తాగి ఉబ్బుతుంది. మీద అతికిన ఫిరోజా రాళ్ళు, చింతగింజంతేసివి, లక్షల కొద్దీ, ఒకదానితో ఒకటి ఒరుసుకుని సన్నగా చప్పుడు చేస్తాయి. నిద్రలో ఎవరో గాజుల చెయ్యి కదిపినట్టుంటుంది. రోజూ ఆ చప్పుడుకే లేస్తాను. ఇవాళ లేచి, మొహం కడుక్కుని, మొక్కజొన్న అంబలి తాగడం అయ్యాక గాని వినబడలేదు.

ఇలాంటివి ఈ డైరీలో రాయకూడదని కింది ఆఫీసు వాళ్ళ ఉత్తర్వు. ఎన్ని బిందెల నీళ్ళు పట్టాం, ఎన్ని రాళ్ళు ఊడాయి, ఎన్ని అతికాం, అంతవరకే. కింద మైదానంలోని కాలేజీలో మూడేళ్ళు ఖనిజశాస్త్రం చదివి వచ్చింది బిందెలు లెక్కపెట్టడానికా అని నాకు రోజుకోసారి అనిపిస్తుంది. అందుకని మిగతావి కూడా రాస్తున్నాను. అక్కర్లేని వాళ్ళు దాటేసి చదువుకోవచ్చు.

మా పాముకి రెండు తలలు, తోక లేదు. కొండ గట్టు పొడవునా ఆరువందల అడుగులు మెలికలు తిరిగి పడుకుని ఉంటుంది, మనిషికి రెండింతల ఎత్తు. తూర్పు తల మబ్బు వైపు నోరు తెరుచుకుని చూస్తుంది. రాళ్ళలోని సన్న రంధ్రాల గుండా తడి లోపలికి దిగి, చెక్కలో తవ్విన కాలవల వెంట నడిచి, పడమటి తల నోట్లోంచి తొట్టిలో పడుతుంది. ఆ నోటికి శంఖం ముక్కల పళ్ళు, ఎర్ర గవ్వల చిగుళ్ళు. పళ్ళ మధ్య చెయ్యి పెట్టి బిందెలు నింపి లెక్క చెప్పేది సింహాచలం మావ. పోయిన ఏడు ఇదే రోజుకి ఆరువందలు దాటాయట.

"మా ఇంటిదానికి పల్లూడిపోనాయి గాని నోరెండదు. దీనికి పల్లన్నీ ఉన్నాయి, నోరెండిపోతంది" అన్నాడు.

నవ్వాను గాని నవ్వులాట కాదు. వరసగా ఏడు రోజులు మూడువందల బిందెల లోపు పడితే కింది ఆఫీసు బెలూన్లు వచ్చి మా నలభై రెండు ఇళ్ళ వాళ్ళనీ మైదానంలోకి దించేస్తాయి. అది కూడా ఉత్తర్వే.

10వ రోజు. 405.

ఈ కొండ మీద తిన్నావా, బాగున్నావా అని పలకరించుకోరు. రాత్రి ఎక్కడున్నావు అని అడుగుతారు. పాము నీళ్ళు తాగేవాళ్ళందరికీ ఒకటే కల వస్తుంది కనక. కలలో మనం దాని వీపు మీద వెల్లకిలా పడుకుని ఉంటాం. అది నీలంగా, నెమ్మదిగా, ఎటో పోతూ ఉంటుంది. ఎవరు ఏ చోట పడుకున్నారన్నదే తేడా. నడుము దగ్గర వెచ్చగా ఉంటుంది. తలల దగ్గర గాలి. ఒక్కోసారి పక్కన ఎవరో ఉన్నట్టు తెలుస్తుంది గాని తల తిప్పి చూడలేం.

కింద కాలేజీలో మూడేళ్ళు పైపు నీళ్ళు తాగాను. మూడేళ్ళూ ఒక్క కల రాలేదు. ఆ సంగతి ప్రొఫెసరుతో చెబితే నవ్వి, నిద్ర బాగా పట్టిందన్నమాట అన్నాడు. పైకి వచ్చిన తొలి రాత్రి మళ్ళీ ఆ వీపు మీద కళ్ళు తెరిచాను. అప్పుడు ఏడ్చానని ఎవరికీ చెప్పలేదు, ఇదిగో ఇక్కడ రాస్తున్నాను.

ఇవాళ అంబలి పోస్తూ మా మేనత్త పైడమ్మ అడిగింది, ఎక్కడున్నావని. మెడ దగ్గర అన్నాను. తనకు నాలుగు రోజులుగా కలే రావడం లేదంది. నీళ్ళు పల్చనైపోనాయే గుంటా, అంది.

13వ రోజు. 396.

ప్రతి ఇంటికీ పాము ఒంటి మీద పద్నాలుగు అడుగుల వాకిలి ఉంది. ఆ ఇంట్లో ఎవరైనా పుడితే వాళ్ళ పేర ఒక రాయి, బొటనవేలి గోరంతది, ఆ వాకిట్లో అతుకుతారు. దాని చుట్టూ మామూలు రాళ్ళు పొలుసుల్లా అల్లుకుంటూ పోతారు. నడిమి రాయి కదపకుండా చుట్టూ ఉన్నవి వరసగా ఊడదీయడం కుదరదు. పేరు రాయిని కదిపేది మనిషి పోయినప్పుడే. అందుకే ఇక్కడ ఎవరూ చచ్చిపోయారని అనరు, రాయి తీశారు అంటారు.

మా అమ్మ రాయి, నాన్న రాయి ఒకే రోజు తీశారు. వాళ్ళెక్కిన బెలూన్ తాడు తెగిన రోజు. నాకప్పుడు నాలుగేళ్ళు. ఆ రోజు నుంచి నన్ను పెంచింది నాన్న అక్క, పైడమ్మత్త.

అత్త తెల్లవారగానే వాకిలి ఊడ్చి, ముగ్గేసి, గుడ్డ నువ్వుల నూనెలో తడిపి పాము ఒంటిని తుడుస్తుంది. ముందు నా రాయి, తరవాత దాని చుట్టూ, తరవాత చెయ్యి అందినంత మేర. ఇప్పుడు అందరి వాకిళ్ళలోనూ ఇదే. నేను కాలేజీకి పోకముందు ఈ అలవాటు చూసిన గుర్తు లేదు. పొద్దుటెండలో నూనె రాసిన పాము మిలమిలలాడుతుంది. చూడ్డానికి నిజంగా బాగుంటుంది.

పెంపకం తొట్లలో రాగి తుక్కు, పటిక, ఎముకల బూడిద కలిపాను. ఇంకో పదిహేను రోజులకు కొత్త రాళ్ళు పండుతాయి. తొట్లకు రోజూ పన్నెండు బిందెలు పోయాలి. సింహాచలం మావ ఆ పన్నెండూ నా మొహం చూస్తూ పోశాడు.

16వ రోజు. 381.

ఇవాళ పాము పచ్చబడుతోందని గమనించాను. ఆకాశం రంగు రాయి లేత మామిడాకు రంగుకు తిరిగింది. ఒకటీ అరా కాదు, కింది సగమంతా. పై సగం ఎప్పటి నీలమే. ఆ రెండింటి మధ్య గీత గట్టు పొడవునా పోయింది.

రోజూ చూసేవాళ్ళకు కనబడదు. మనిషి చిక్కిపోవడం ఇంట్లో వాళ్ళకు తెలియనట్టు.

17వ రోజు. 377.

కింది సగం అనగానే నాకు తట్టింది సిట్లాలమ్మ. ఆవిడ అసలు పేరు సిట్లాలి. ఈ కొండలు వాళ్ళవి. మా తాతల సముద్రపు ఊళ్ళు మునిగి మేం ఇక్కడికి వచ్చినప్పుడు పాము కట్టడం మాకు నేర్పింది వాళ్ళమ్మ. రాళ్ళు చెక్కే పాకకు ఇప్పుడు ఈవిడే పెద్ద. మా వాళ్ళు ఆవిడ పేరు చివర అమ్మ తగిలించి మనమ్మాయిని చేసేసుకున్నారు. ఆవిడ కూడా మా తెలుగులోనే తిడుతుంది.

మోకాళ్ళ నొప్పులతో సిట్లాలమ్మ నిచ్చెనెక్కడం మానేసి రెండేళ్ళయింది. అప్పటి నుంచి ఆవిడ అతుకులన్నీ కింది సగంలోనే. పాత బంక చెట్లు ఎండిపోవడంతో కొత్త రకం చెట్టు బంక కలుపుతోందీ అప్పటి నుంచే. బంక రాయిలోకి ఇంకుతోంది, రంధ్రాలు మూసుకుపోతున్నాయి, నీళ్ళు దిగడం లేదు. లెక్క అంత చక్కగా కుదిరేసరికి నాకు ఒళ్ళు జలదరించింది. మూడు పేజీల రిపోర్టు రాసి కింది ఆఫీసుకు పంపించాను. ముందు ఆవిడను ఒక మాట అడగాలని తోచలేదు.

21వ రోజు. 352.

ఉత్తర్వు వచ్చింది. సిట్లాలి ఇక బంక కుండ ముట్టుకోకూడదు. పాక బాధ్యత నాది.

కాగితం పట్టుకుని వెళ్ళాను. ఆవిడ చదవలేదు, నా మొహం చూసి అర్థం చేసుకుంది. ఉలి తుడిచి, పిడి నా వైపు తిప్పి ఇచ్చింది. కత్తి ఇచ్చే మర్యాద అది. తరవాత పాక గుమ్మంలో ఎండలో కూర్చుని కళ్ళు మూసుకుంది.

అమ్మయ్య, తిట్టలేదు అనుకున్నాను. ఇంటికొచ్చాక తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

మా వాకిట్లో రెండు జానల మేర ఊడిపోయిన చోట పోయిన పంటలో మిగిలిన కొత్త రాళ్ళు దాచి ఉంచిన పాత బంకతో అతికాను. నీలంగా, తేటగా ఉన్నాయి.

29వ రోజు. 318.

నేను పాత బంకతో అతికిన రాళ్ళు పచ్చబడ్డాయి.

ఎనిమిది రోజుల్లో. పొద్దున్నే అక్కడే నిలబడిపోయాను. అత్త నూనెగుడ్డతో వచ్చి, తప్పుకోవే అని, నా భుజం మీంచి చెయ్యి చాపి ఆ రాళ్ళు తుడిచి పోయింది. అప్పుడు కూడా నాకు వెలగలేదు. చదువుకున్న కళ్ళు నావి.

30వ రోజు. 314.

ఇవాళ పాము పొడవునా నడిచాను, ఆ పచ్చగీత వెంటే చూస్తూ. అది తిన్నగా లేదు. ఒక ఇంటి ముందు కాస్త ఎత్తు, పక్కింటి ముందు కాస్త తగ్గు. సింహాచలం మావ వాకిట్లో బాగా కింద ఉంది. ఆయన భార్య పొట్టి. పడమటి తల దగ్గర తొట్టి మెట్లున్నాయి. అక్కడ గీత కూడా మెట్టు మెట్టుకీ పైకెక్కింది.

బంక మెట్లెక్కదు. మనుషులు ఎక్కుతారు.

ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాను. పైకి చూస్తే గీతకు పైన పాము నీలంగా, ఎవరూ ముట్టని ఆకాశంలా ఉంది. గీతకు కింద నలభై రెండు ఇళ్ళ చేతులు.

పాక నుంచి రెండు విడి రాళ్ళు తెచ్చాను. ఒకదానికి నూనె రాశాను. రెండోది ఊరికే ఉంచాను. రెండింటినీ బరువు తూచి, దారాలు కట్టి గట్టు మీద మబ్బులో వేలాడదీశాను.

31వ రోజు. 309.

ఊరికే ఉంచిన రాయి తడి తాగి బరువెక్కింది. నూనె రాయి బరువు నిన్నటిదే. దాని మీద నీటిబొట్లు ముత్యాల్లా నిలబడి, నేను ముట్టుకోగానే జారి నేల పాలయ్యాయి.

సబ్బు, సారాయి, నిప్పుల సెగ, ముగ్గుపిండి, అన్నీ చూశాను. లోపలికి పోయిన నూనె బయటికి రాదు.

తరవాత మా వాకిటికి వెళ్ళి నా పేరు రాయిని చూశాను. ఈ కొండ మీద అంత ముదురు పచ్చ రాయి ఇంకొకటి లేదు. అరిటాకు రంగు.

32వ రోజు. 303.

సిట్లాలమ్మ పాక గుమ్మంలోనే ఉంది. ఆవిడ ముందు నేల మీద కూర్చుని చెప్పేశాను. తప్పు నాదని, బంకది కాదని, కింది ఆఫీసుకు ఈ పొద్దునే మళ్ళీ రాశానని, అందులో నా పేరే పెట్టానని.

ఆవిడ కళ్ళు తెరవకుండానే తనకు తెలుసునంది.

నేను అర్థం కానట్టు చూశానేమో, అప్పుడు చెప్పింది. నేను కాలేజీకని బెలూనెక్కిన రోజు మా అత్త వాకిట్లోకి వచ్చి, నా రాయికి నూనె రాసి, చాలాసేపు దాని మీద అరచెయ్యి ఉంచి నిలబడిందట. మర్నాడూ అంతే. నా ఉత్తరాలు క్షేమంగా వస్తుంటే పక్కింటావిడ కూడా మొదలుపెట్టింది. ఆవిడ కొడుక్కి జ్వరం తగ్గింది. సింహాచలం మావ భార్యకు నడుం పట్టు వదిలింది. ఏడాది తిరిగేసరికి కొండంతా నూనె.

మరి ఒక్క మాట ఎందుకు చెప్పలేదని అడిగాను. నిందంతా మోసింది కదా.

"రోజూ తెల్లారే చూసేదాన్ని పిల్లా ఆ చెయ్యిని. తమ్ముడు బెలూన్లో పోయాడు. నువ్వు అదే బెలూనెక్కావు. ఆ చేతికి ఏమని చెప్పను, తియ్యి అనా? నింద బంక మీదికి వస్తే బంకదే అని ఊరుకున్నాను."

నీళ్ళు ఇంత తగ్గుతాయని ఆవిడ అనుకోలేదట. ఆ మాట అంటూ మొదటిసారి కళ్ళు తెరిచి నా వైపు చూసింది. తప్పులో నేనొక్కదాన్నే లేనని తెలిసినా నాకు తేలిక కాలేదు.

33వ రోజు. 297. మూడువందల లోపు ఇది మొదటి రోజు.

అత్త పెరట్లో చేతి గానుగ తిప్పుతోంది. నువ్వుల వాసన. ఎలా మొదలుపెట్టాలో రాత్రంతా అనుకున్న మాటలేవీ గుర్తు రాలేదు. రెండు రాళ్ళూ తన ముందు పెట్టి, ఏది ఎంత బరువో చెప్పాను. పచ్చబడ్డ రాళ్ళన్నీ తీసేయాలని, పేరు రాళ్ళు కదపకుండా అవి రావని కూడా చెప్పాను.

గానుగ ఆగలేదు. సిట్లాలమ్మకి తెలుసా అని మాత్రం అడిగింది. ముందు నుంచీ తెలుసన్నాను. అప్పుడు ఆగింది.

"బెలూన్ లెగిసిన కాడ్నుంచి నా కాల్లు సేతులు ఆడనేదే. ఏటి సెయ్యాలో తెలక నూని రాసినాను. నీకేటవుద్దో అని కాదు. నాకేటవుద్దో అని."

గానుగలో సగం నలిగిన నువ్వులు అలాగే వదిలేసి లోపలికి వెళ్ళింది.

34వ రోజు. 292. రెండో రోజు.

మధ్యాహ్నం తొట్టి దగ్గర అందరినీ పిలిచి చెప్పాను. సగం దాకా విన్నారు.

మొన్న బంకన్నావు, ఇయాల నూనంటన్నావు, రేపు మా మొకాలంటావు అని వెనక నుంచి ఒకావిడ. తోక లేని పాముకి తోక ఎతుకుతున్నాదిరా అని ఇంకొకాయన, అందరూ నవ్వారు. నవ్వితే నాకు భయం వేయలేదు. పేరు రాళ్ళు తీయాలి అన్నాక ఎవరూ నవ్వలేదు. అప్పుడు వేసింది.

"బతికున్నోల్లకి రాల్లు తీత్తారేటి?" అన్నాడు సింహాచలం మావ. ఆయన ఆ మాట కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. పోనీ మైదానంలోకే దిగిపోదాం, అక్కడ పైపులున్నాయి, ప్రాణాలతో ఉంటాం అన్నారు కొందరు. మైదానంలో కల రాదని చెప్పాను. ఆ మాటకొస్తే ఇప్పుడు కల ఇక్కడ కూడా ఎవరికీ రావడం లేదు.

సిట్లాలమ్మ కర్ర ఊతంగా లేచింది. వాళ్ళ అమ్మమ్మ వాళ్ళు పాత దేవుళ్ళ చెక్క ముసుగుల మీది రాళ్ళు తీసి కొత్త పాములకు అతికేవాళ్ళట. ఒక రాయి మూడు దేవుళ్ళ మీద బతికేదట. రాయి తీయడం చావు అనేది మీరు ఇక్కడికి వచ్చాక పెట్టుకున్నారు, మా మాట కాదు అంది. విన్నారు గాని ఎవరూ కదల్లేదు. ఎవరి రాయి ముందు తీయాలి అన్న మాట ఆ తొట్టి చుట్టూ తిరిగి తిరిగి ఎవరి మీదా వాలకుండా పోయింది.

అత్త సమావేశానికి రాలేదు.

35వ రోజు. 288. మూడో రోజు.

తెల్లారి పాము చప్పుడు వినబడనే లేదు. లేచేసరికి అత్త లేదు. వాకిట్లోకి వస్తే అక్కడ జనం.

అత్త చేతిలో నూనెగుడ్డ లేదు. ఉలి ఉంది. పక్కన సిట్లాలమ్మ నిప్పుల కుంపట్లో ఇనుప రేకు కాలుస్తోంది. ఇద్దరూ ఎప్పుడు మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఆడవాళ్ళు కొందరు అత్త చెయ్యి పట్టుకుని ఆపబోయారు. సొంత మేనకోడలికే చేస్తావా, తమ్ముడి రాయి తీసింది చాలదా అంది ఒకామె. అత్త ఆ చెయ్యి విడిపించుకుంది, కసురుకోకుండా.

కాలిన రేకును రాయి అంచున ఆనించాలి. బంక కరిగి సాంబ్రాణి లాంటి పొగ వస్తుంది. అప్పుడు ఉలి దూర్చాలి. సిట్లాలమ్మ చూపించింది, అత్త చేసింది. నా రాయి చిన్న శబ్దంతో ఊడి అత్త అరచేతిలో పడింది.

అందరూ నా వైపు తిరిగారు. నేను పడిపోతానేమోనని నిజంగా చూస్తున్నారు. నాక్కూడా ఒక్క క్షణం గుండె ఆగినట్టే ఉంది. అప్పుడు ఆ పొగకి నాకు తుమ్ము వచ్చింది.

ఒక్క తుమ్ము.

గుంపంతా ఒకేసారి వెనక్కి జరిగింది. అపశకునం. రాయి మళ్ళీ పెట్టేయండి అన్నారెవరో. అత్త ఉలి దించకుండా నా వైపు తిరిగింది.

"ఇంకోటి తుమ్మే" అంది నాతో, పళ్ళ బిగువున.

రావడం లేదన్నాను. "రప్పించు" అంది. కుంపటి మీదికి వంగి పొగ పీల్చాను. ముక్కు రుద్దుకున్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గాని తుమ్ము రాలేదు. నలభై రెండు ఇళ్ళ వాళ్ళు నా ముక్కు వైపు చూస్తూ నిలబడ్డారు. మైదానమో కొండో, నా ముక్కు మీద ఆధారపడి ఉంది. సిట్లాలమ్మ కుంపట్లో ఇంకాస్త బంక చిదిపి వేసింది. పొగ గుప్పుమంది.

రెండోది వచ్చింది. తరవాత మూడు, నాలుగు. ఆపుకోలేకపోయాను.

"రెండైతే శుభం. నాలుగైతే జలుబు" అన్నాడు సింహాచలం మావ. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన పంచె ఎగ్గట్టి తన వాకిలి వైపు నడుస్తూ, నాది తియ్యండి, నా ముక్కెలాగుందో సూద్దాం అన్నాడు.

39వ రోజు. 303.

మూడు రోజులుగా డైరీ రాయలేదు. వేళ్ళ నిండా బొబ్బలు. చెయ్యి ఆడే ప్రతి మనిషీ రేకు పట్టాడు. 36న 281. 37న 279. 38న 290. పండిన కొత్త రాళ్ళు సగానికే వచ్చాయి. మిగతా సగం పాము చర్మం ఒలిచినట్టు ఒట్టి చెక్కతో ఉంది. ఒట్టి చెక్క కూడా నూనె రాయి కంటే నయమని సిట్లాలమ్మ చెప్పింది. కుబుసం విడిచిన పాము నాలుగు రోజులు నీరసంగానే ఉంటుంది అంది.

ఇవాళ ఏడో రోజు. తొట్టి చుట్టూ మూగాం. రెండువందల తొంభై దగ్గర ధార సన్నబడింది. సింహాచలం మావ పళ్ళ మధ్య చెయ్యి పెట్టి అలాగే ఉంచాడు, ఆవు దగ్గర దూడను వదిలి ఆగినట్టు. ఎండ ఎక్కుతోంది. తొట్లకని దాచిన బిందెలు తెచ్చి పోసేద్దాం, ఎవరికి తెలుస్తుంది అని ఒకాయన నా చెవిలో గొణిగాడు. ఈ డైరీలో బంక గురించి ఒక అబద్ధం ఇప్పటికే రాశాను, రెండోది రాయనన్నాను.

మూడువందల మూడు. అంతకంటే ఒక్క చెంబు ఎక్కువ లేదు.

44వ రోజు. 386.

తెల్లారి వాకిళ్ళలోకి వచ్చిన వాళ్ళకు ఏం చేయాలో తెలియడం లేదు. ముగ్గు వేశాక చేతులు ఖాళీ. పక్కింటావిడ పమిటకొంగు నలుపుతూ నిలబడింది. చివరికి చెయ్యెత్తి, రాయికి జానెడు దూరంలో, ముట్టుకోకుండా ఆపింది. చల్లగా తగులుతాందే అంది మా అత్తతో.

నాకు రాత్రి కల వచ్చింది. నడుము దగ్గర ఉన్నాను.

53వ రోజు. 471.

కింది ఆఫీసు నుంచి కబురు. ఉత్తరాన కొండల మీద ఇలాంటివే ఇంకో ఆరు పాములున్నాయట, అన్నీ ఏదో ఒక రంగు తిరుగుతున్నాయట. వెళ్ళి చూసి రమ్మన్నారు. అక్కడ మనుషులు వాటికి ఏం పూస్తున్నారో, ఎవరి కోసం పూస్తున్నారో. నాలుగు నెలల పని. బెలూన్ రేపు.

అత్తకు చెప్పాను. ఎప్పుడొస్తావని అడగలేదు. నీ పేరు రాయి అతక్కుండా ఎల్తావేటి, అంది. అతకడం దేనికి, ఊళ్ళో ఉండని మనిషికి అన్నాను, కాస్త పొగరుగా.

"నువ్వున్నా నేకపోయినా ఆ రాయి నీల్లు పట్టాల గదే. నీ కోసమనుకున్నావేటి?"

సిట్లాలమ్మ చెక్కిన కొత్త రాయి తీసుకుని నిచ్చెన వేశాను. పాత చోటు దాటి, అత్త చెయ్యి అందే చోటు దాటి, పాము వీపు అంచు దాకా ఎక్కాను. అక్కడ గాలి చల్లగా ఉంది. బంక వేడి చేసి, రాయి పెట్టి, బొటనవేలితో నొక్కి వంద అంకెలు లెక్కపెట్టాను. అంత ఎత్తునేటే, నాకు కనబడద్దా అని కింద నుంచి అత్త. కనబడుతుంది, ఇక్కడికే మబ్బు ముందు వస్తుంది అన్నాను.

దిగేలోపే వచ్చింది. గట్టు మాయమైంది, నిచ్చెన మాయమైంది, కింద అత్త మొహం ఒక్కటే మసకగా మిగిలింది, పైకెత్తి. నా రాయి తడిసి, తాగినంత తాగి, మిగిలిన ఒక చుక్కను వదిలింది. అది పొలుసు మీంచి పొలుసు మీదికి జారుతూ పోయి అత్త నుదుటి మీద పడింది.

అత్త తుడుచుకోలేదు. అలాగే నిలబడి ఉంది.